పాత క్యూ కర్ర చేతికొస్తే

వత్సవాయి చుట్టుపక్కల బిలియర్డ్స్ బల్ల ఉన్న ఇల్లు నేనైతే చూడలేదు. కర్రలు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరతాయి: మూతపడ్డ క్లబ్బుల వేలంపాటల్లో కొన్నవి, బంగళాల అటకల మీద దొరికినవి. కొందరు వాటితో చింతకాయలు రాలుస్తారు. అలాంటిది మీ ఇంట్లో ఉంటే, రాల్చే ముందు ఇది చదవండి.

1. పాతదైతే చాలు, ఖరీదైనదే అనుకోవద్దు. బిలియర్డ్స్ బల్ల మీదే ఆడే స్నూకర్ మన దేశంలో పుట్టిందే 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్‌లో. దాని నియమాలు 1882లో ఊటీ క్లబ్బు గోడకెక్కాయి. ఈ ఆటల కోసం ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగిన కర్రలు అన్నీ ఇన్నీ కావు.

2. ముందు అతుకు చూడండి. పైభాగం లేతరంగు యాష్ కర్ర, పిడి మన తుమికి జాతిదైన నల్ల ఎబొనీ. రెండూ కలిసేచోట నల్లకర్ర నాలుగు నాలుకలుగా పైకి పాకుతుంది. ఆ కొనలు గుండ్రంగా తిరిగి, ఎత్తులో కాస్త తేడాగా ఉంటే చేతిపని. సూదుల్లా మొనదేలి, నాలుగూ ఒకే ఎత్తున ఉంటే యంత్రం కోసింది. అయితే యంత్రపు అతుకు కూడా నూరేళ్ల నాటిదే కావచ్చు, తీసిపారేయకండి. అమెరికాలో మన పిల్లలు కొనే పూల్ కర్రలకు ఈ లెక్క పనికిరాదు. అవి మేపుల్‌వి, కొన లావు 12, 13 మిల్లీమీటర్లు. అక్కడ మొనదేలిన అతుకే మేలిరకంలోనూ కనిపిస్తుంది.

3. పిడి మీది బిళ్ల చదవండి. బరోస్ అండ్ వాట్స్, రైలీ, థర్స్టన్, పెరాడన్ లాంటి పేర్లుంటాయి. బిలియర్డ్స్ ఛాంపియన్ వాల్టర్ లిండ్రమ్ పేరుతోపాటు 4137 అంకె ఉంటే, ఆ కర్ర 1932కి ముందుది కానేకాదు. ఒకే విడతలో ఆయన అన్ని పాయింట్లు కొట్టింది ఆ ఏడాదే. అంతమాత్రాన అది ఆయన పట్టిన కర్రా కాదు. ఛాంపియన్ పేరు వేసి అంగళ్లలో అమ్మినవి బోలెడు. బిళ్ల చుట్టూ కొత్త జిగురు కనిపిస్తే, ఎక్కడిదో తెచ్చి అతికించారేమోనని అనుమానించండి.

4. ఒక కన్ను మూసి, పిడి వైపు నుంచి కొనదాకా చూడండి. తర్వాత చదునైన బల్ల మీద దొర్లించండి. మా జగ్గయ్యపేట వైపు ఎండలకు, గోడకు చేరేసిన కర్ర వంగకుండా ఉంటే అదృష్టమే.

5. ఉప్పుకాగితం పెట్టకండి. మెరుపు వస్తుంది, ధర పోతుంది. కొన సన్నబడితే పాత ఇత్తడి పొన్ను కూడా వదులవుతుంది. మెత్తని పొడిగుడ్డ చాలు. తోలు టిప్ అరిగిందంటారా, అది ఎప్పుడైనా మార్చుకునేదే.

6. బిళ్ల ఏనుగు దంతమని తేలితే బేరం అక్కడే ఆపండి. 1972 వన్యప్రాణి చట్టం, దాని సవరణల ప్రకారం దంతం అమ్మకం నేరం. తాతగారిదన్నా చట్టం వినదు.

7. ధర పెంచేది ఆధారం. ఫలానా వారిదని నోటిమాటగా చెబితే కొనేవాడు నవ్వి ఊరుకుంటాడు. కర్ర పట్టుకుని దిగిన ఫొటో, క్లబ్బు రసీదు, పేరు రాసిన నల్లరేకు పెట్టె ఉంటే కూర్చుని మాట్లాడతాడు. పెట్టెనీ కర్రనీ విడదీసి అమ్మకండి. పెట్టె తుప్పుపట్టిందని పాత ఇనుముకి వేయకండి.