నాయకుణ్ణి మార్చమన్నారు!



మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. ప్రస్తుతం ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. సెమినార్ కోసం చూసిన ఒక టీవీ ఎపిసోడ్‌ను ఈ వార్షికోత్సవ సంచికలో మీకు పాఠంగా చెప్పాలనిపించింది.

పరిచయం

‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ అమెరికాలో 1993 నుండి 1999 వరకు ప్రసారమైన సైన్స్ ఫిక్షన్ సీరియల్. 24వ శతాబ్దంలో ఒక అంతరిక్ష కేంద్రంలో జరిగే కథ ఇది. ఆ కేంద్రానికి అధిపతి బెంజమిన్ సిస్కో అనే నల్లజాతి అధికారి. ఆ పాత్ర వేసిన నటుడు ఏవరీ బ్రూక్స్. 1998 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఫార్ బియాండ్ ద స్టార్స్’ ఎపిసోడ్‌కు దర్శకుడు కూడా ఆయనే.

కథ

యుద్ధంతో విసిగిపోయిన సిస్కోకు ఒక దర్శనం కలుగుతుంది. అందులో అతడు 1953 నాటి న్యూయార్క్‌లో బెన్నీ రస్సెల్ అనే రచయిత. సైన్స్ ఫిక్షన్ పత్రికలో ఉద్యోగం. పాఠకుల కోసం రచయితల ఫొటో తీసే రోజున, అతణ్ణీ, అక్కడ పనిచేసే రచయిత్రినీ ఆలస్యంగా రమ్మంటాడు ఎడిటర్. ఒకరు నల్లవాడని, ఇంకొకరు స్త్రీ అని పాఠకులకు తెలియకూడదు!

బెన్నీ ఒక కథ రాస్తాడు. అందులో అంతరిక్ష కేంద్రానికి అధిపతి నల్లవాడు. అందరూ కథ బాగుందంటారు. ఎడిటర్ మాత్రం, నాయకుణ్ణి తెల్లవాడిగా మారిస్తేనే వేస్తానంటాడు. బెన్నీ ఒప్పుకోడు. చివరికి, కథంతా ఆశలేని ఒక మనిషి కన్న కలగా మార్చడానికి రాజీ కుదురుతుంది. అయినా పత్రిక బయటికి రాదు. యజమాని ఆ నెల ప్రతులన్నిటినీ గుజ్జు చేయించి, బెన్నీని ఉద్యోగం నుండి తీసేస్తాడు. బెన్నీ కుప్పకూలిపోతాడు. కాగితాలను నాశనం చేయగలరు గాని, తన మనసులో పుట్టిన ఆ లోకాన్ని చెరపలేరని ఏడుస్తూ చెబుతాడు.

చరిత్ర

బెన్నీ కల్పిత పాత్రే. కానీ అతని బాధ కల్పితం కాదు. బడుల్లో జాతి పేరుతో పిల్లలను విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1954లో, అంటే కథాకాలానికి మరుసటి ఏడాది. శామ్యూల్ డిలానీ అనే నల్లజాతి రచయిత ‘నోవా’ నవలను 1967లో ఒక ప్రసిద్ధ పత్రిక తిరస్కరించింది. నల్లజాతి నాయకుణ్ణి పాఠకులు తమవాడనుకోరన్నది కారణమని డిలానీయే తర్వాత రాశాడు. 1968లో ఆ నవల పుస్తకంగా వచ్చింది.

మనం నేర్చుకోవలసింది

ఈ కథలో ఎవరూ బెన్నీని రాయవద్దనలేదు. “బాగా రాశావు, మనిషిని మాత్రం మార్చు” అన్నారు. తిట్టు అయితే వెంటనే గుర్తుపడతాం. మెచ్చుకోలు లోపల దాగిన తిరస్కారాన్ని పోల్చుకోవడం కష్టం.

నా సంగతి చెబుతాను. తొమ్మిదో తరగతిలో హాస్టల్ సంచిక కోసం ఒక కథ రాశాను. అందులో హీరో పట్నం అబ్బాయి. మేడ ఇల్లు, కారు, డాక్టరు నాన్న. మా వాడ లేదు, కూలికి వెళ్లే మా అమ్మ లేదు. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. నా లోపల ఉన్న ఎడిటరే మా వాళ్లను కొట్టేశాడు. బెన్నీ పట్టుబట్టి నిలబెట్టుకున్నదాన్ని నేను అడగకముందే వదిలేశాను. ఈ ఎపిసోడ్ చూసిన రాత్రి అదే గుర్తొచ్చి నిద్రపట్టలేదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే సంచికకు కథ రాసేటప్పుడు హీరోకి మీ ఊరి పేరు, మీ ఇంటి పేరు పెట్టండి. అతణ్ణి కలెక్టర్ని చేయండి, అంతరిక్షానికి పంపండి. అది కల అని మాత్రం చివర్లో రాయకండి.

ఆలోచించండి

1. ఎడిటర్ పాఠకుల పేరు చెప్పి తప్పుకున్నాడు. తప్పు ఎవరిది?
2. కథను కలగా మార్చడానికి బెన్నీ ఒప్పుకోవడం సరైనదేనా?
3. మీరు రాసిన కథల్లో మీ ఇంటివాళ్లు ఎంతమంది ఉన్నారు?