ఎల్లలు మారిన పటములు : సూచికను చదువు విధము

కోనరావుపేట నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. ఈ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. అంతకు ముందు కరీంనగరము జిల్లా. ఇంకను పూర్వపు నిజాం కాలపు కాగితములలో ఎలగందల జిల్లా. ఊరు కదలలేదు, పేర్లును ఎల్లలును మారినవి. మఠపు పాత సనదులో "ఎలగందల జిల్లా" అని యుండుట చూచి, అది వేరొక చోటి భూమియని త్రోసిపుచ్చినచో పెద్దల దత్తి మఠమునకు దక్కకుండ పోవును. కావున పాత కాగితమును పాత పటముతో సరిచూచుట నేర్వవలెను. పటము మూలనుండు సూచికయందు గమనింపవలసినవి మూడు.

మొదటిది సంవత్సరము. పటము అచ్చయిన ఏడు వేరు, అది చూపు కాలము వేరు. 1950 నాటి స్థితిని చూపు పటమున కోనరావుపేటయు, బసవేశ్వరుని కల్యాణమును ఒకే హైదరాబాదు రాష్ట్రమున నుండును. 1956 నవంబరు 1 తరువాతి పటమున కల్యాణము మైసూరు రాష్ట్రమునను, కోనరావుపేట ఆంధ్రప్రదేశమునను కనుపించును. మైసూరు రాష్ట్రము 1973లో కర్ణాటకమయినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది.

రెండవది గీత. రాష్ట్రమునకు, జిల్లాకు, తాలూకాకు వేర్వేరు గీతలుండును. 1956లో బీదరు జిల్లా విభజింపబడగా జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు మెదకు జిల్లాలో చేరినవి. జిల్లా నడుమ నున్న గీత రాష్ట్రపు ఎల్ల అయినది. ఇరువైపుల వీరశైవ కుటుంబముల వియ్యములు మాత్రము ఆ గీతతో పుట్టినవి కావు, దానితో తెగునవియు కావు.

మూడవది రంగు. 12వ శతాబ్ది పటమున కల్యాణము కలచురి బిజ్జలుని రంగునను, హనుమకొండ కాకతీయుల రంగునను ఉండును. ఆ రంగుల అంచులు నాడు కొలిచి గీచినవి కావు. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనము వంటి ఆధారములను బట్టి చరిత్రకారులు నిర్ణయించినవి. వానిని నేటి సర్వే హద్దులవలె ఎంచరాదు.

ఏ రంగును శరణుల వాక్కును ఆపలేదు. కన్నడ దేశపు బసవేశ్వరుని చరితమును పాల్కురికి సోమనాథుడు తెలుగున బసవపురాణముగా రచించెను. దానిని అనుసరించి 1369లో భీమకవి కన్నడమున బసవపురాణమును రచించెను. స్థావరమునకు ఎల్ల కలదు, జంగమమునకు లేదు. ఇష్టలింగము భక్తుని దేహముతోనే సాగును.

కావున ప్రతి మఠమును, ప్రతి కుటుంబమును తమ పాత కాగితములందలి జిల్లా, తాలూకా పేర్లను వేరొక పుస్తకమున వ్రాసికొని, వాని ఎదుట నేటి పేరును, మారిన సంవత్సరమును చేర్చవలెను. మూలపత్రముపై మాత్రము ఏమియు వ్రాయరాదు.