మసిని దహించు వడపోత

డీజిల్ బండి వెడలగ్రక్కు పొగలో కంటికి కానరాని మసి కణములు గలవు. అవి ఊపిరితిత్తుల లోతులకు చొరబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మానవులకు క్యాన్సర్ కలిగించు వాని జాబితాలో చేర్చినది. ఈ మసిని పొగగొట్టములోనే నిలిపివేయు సాధనమే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ 2000 సంవత్సరములో తన 607 కారులో దీనిని అమర్చినది. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిమ్మట డీజిల్ కార్లలో ఇది సర్వసాధారణమైనది.

దీని నిర్మాణము తేనెపట్టును పోలియుండును. వేడికి తాళగల సిలికాన్ కార్బైడ్ వంటి పింగాణి పదార్థముతో చేసిన సన్నని గొట్టములు ప్రక్కప్రక్కన ఉండును. ఒక గొట్టమునకు వెనుక కొస మూసియుండగా, దాని పొరుగు గొట్టమునకు ముందు కొస మూసియుండును. అందుచే పొగ నడిమి గోడల సూక్ష్మ రంధ్రముల గుండా పోక తప్పదు. వాయువులు దాటిపోవును, మసి గోడపై నిలిచిపోవును.

నిలిచిన మసిని అచ్చటనే కాల్చివేయవలెను. అది ఆక్సిజన్‌తో చురుకుగా మండుటకు సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. పట్టణ వీధులలో ఆగుచు సాగు బండి పొగకు అంత వేడి ఉండదు. కావున ఫిల్టరుకు ముందువెనుకల గల పీడన భేదమును బట్టి మసి పేరుకొనెనని గ్రహించిన కంప్యూటరు, సిలిండరులో ప్రధాన దహనము ముగిసిన పిదప మరికొంత డీజిలును చిమ్మించును. ఆ ఇంధనము ఫిల్టరుకు ముందున్న ఉత్ప్రేరకముపై దహనమై పొగను వేడెక్కించును. మసి కాలి వాయురూపమున వెడలిపోవును. దీనినే యాక్టివ్ రీజనరేషన్ అందురు. సాధారణముగా ఇది 10 నుండి 20 నిమిషముల పని.

ఈ నడుమ ఇంజను ఆపివేసినచో పని సగములో నిలిచిపోవును. మాటిమాటికి ఇట్లు జరిగినచో మసి మితిమీరును. మండని డీజిలు సిలిండరు గోడల వెంట జారి ఇంజను ఆయిలును పలుచన చేయును. కావున ఫిల్టరు హెచ్చరిక దీపము వెలిగినప్పుడు బండిని రహదారిపై నిలకడయైన వేగముతో కొంతసేపు నడుపుట మేలు. ఆ సమయమున గొట్టము మిక్కిలి వేడెక్కును గనుక ఎండుగడ్డిపై బండి నిలుపరాదు.

ఎంత కాల్చినను కాలనిది ఒకటి కలదు. అది ఇంజను ఆయిలులోని లోహ పదార్థముల వలన మిగులు బూడిద. ఏండ్ల తరబడి పేరుకొనిన ఆ బూడిదను ఫిల్టరు విప్పి తొలగించవలసినదే. తక్కువ బూడిదనిచ్చు ఆయిలు వాడవలెననుట అందులకే.

కొందరు ఈ చిక్కులెందుకని ఫిల్టరునే పెరికివేయుదురు. బండివానికి శ్రమ తప్పును. కాని మసి ఎక్కడికి పోవును? రహదారి ప్రక్క కూరగాయలమ్ము స్త్రీ ఊపిరిలోనికి, బడికి నడచిపోవు బాలుని ఊపిరిలోనికి పోవును. కొలది నిమిషముల ఓర్పుతో తీరు పనికి ఇతరులచే ఇంతటి వెల చెల్లింపజేయుట న్యాయమా? యంత్రవిద్య నేర్చు విద్యార్థులు ఈ సంగతిని నలుగురికి తెలియజెప్పుదురు గాక!