ఉపేక్ష

ఉద్దేశం: కళ్ళెదుట అన్యాయం జరుగుతున్నప్పుడు చూసేవారి బాధ్యత ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం.

నిండుసభలో ద్రౌపదిని పరాభవించినవారు కొందరే. చూస్తూ ఊరకున్నవారు అనేకులు. భీష్మద్రోణాది పెద్దలు అడ్డుకోలేదు. కౌరవ సోదరులలో వికర్ణుడొక్కడే లేచి అది అధర్మమని పలికాడు. ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణ రాయబార సందర్భాన తిక్కన ఈ విషయాన్ని మరింత స్పష్టం చేశాడు. ధర్మానికి హాని కలుగుతుండగా, ఆపగల సమర్థత ఉండీ ఉపేక్షించినవారికే కీడు కలుగుతుందని ఆ పద్యభావం.

ఇది పురాణకాలపు మాట మాత్రమే కాదు. 2017 అక్టోబరులో విశాఖపట్నం రైల్వే స్టేషన్‌కు చేరువలో, పట్టపగలు, కాలిబాటపై ఒక మహిళపై అత్యాచారం జరిగింది. ఆ దారిన పోయేవారు చూసి కూడా ఆగలేదు. చివరకు ఒక ఆటో డ్రైవరు ఆ దృశ్యాన్ని సెల్‌ఫోన్‌లో చిత్రీకరించి పోలీసులకు తెలియజేశాడు. నిందితుడు అరెస్టయ్యాడు.

ఆ బాటసారులందరూ దుర్మార్గులా? కాకపోవచ్చు. అమెరికాలో డార్లీ, లటానే అనే మనస్తత్వవేత్తలు 1968లో ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. పక్కగదిలో ఒక విద్యార్థి మూర్ఛ వచ్చి ఆర్తనాదం చేస్తున్నట్లు కొందరికి వినిపించారు. తానొక్కడే విన్నాననుకొన్నవారిలో 85 శాతం మంది వెంటనే సహాయానికి పూనుకొన్నారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకొన్నప్పుడు 31 శాతమే స్పందించారు. "ఎవరో ఒకరు చూసుకొంటారులే" అనే భావనే ఉపేక్షకు మూలం.

పద్మనాభం వంటి గ్రామాల నుండి నగర కళాశాలలకు ప్రయాణించే విద్యార్థికి బస్సులోనో, బస్టాండులోనో ఇటువంటి పరిస్థితి ఎదురుకావచ్చు. అప్పుడు దుండగునితో కలబడనవసరం లేదు. బిగ్గరగా కేకవేయాలి. గుంపులో ఒకరిని వేలితో చూపి, "అన్నా, మీరు 112కు ఫోను చేయండి" అని కోరాలి. బాధితురాలిని ఒంటరిగా విడువరాదు. దృశ్యాన్ని చిత్రీకరిస్తే పోలీసులకు మాత్రమే అందజేయాలి. బాధితురాలి గుర్తింపును వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారం నేరం.

తోటి విద్యార్థిని తనకు జరిగినది చెప్పుకొన్నప్పుడు, "నువ్వెందుకు వెళ్ళావు?" అని అడగరాదు. "నిన్ను నమ్ముతున్నాను. తప్పు నీది కాదు" అనాలి. ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండకపోతే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసిందే. తెలియజేయని పెద్దలు శిక్షార్హులు. కనుక విశ్వసనీయులైన అధ్యాపకులకు వెంటనే చెప్పాలి. 1098కు కూడా ఫోను చేయవచ్చు.

నేరం చేసినవాడిదే నేరం. కాని ఆపగలిగీ ఆపని క్షణం మాత్రం మనది. ఆ సభలో వికర్ణుని మాట చెల్లలేదు. అయినా అతడు పలికాడు. మరొక్కరు గొంతు కలిపి ఉంటే?

ప్రశ్నలు
1. గుంపులో ఉన్నప్పుడు మనుషులు సహాయానికి వెనుకాడడానికి కారణమేమిటి?
2. ఆటో డ్రైవరు చేసిన పనిని బాటసారుల ప్రవర్తనతో పోల్చి, మీ అభిప్రాయం రాయండి.