చుక్కలపెట్ట ఎందుకు ముడుచుకొన్నది?

చలికాలంలో కోడి ఆరోగ్యాన్ని పరిశీలించే విధానం



బ్రిటనులో ఇంటి పెరటిలో మూడు నాలుగు కోళ్లను పెంచుకొనే కుటుంబాలు అనేకం ఉన్నాయి. వేసవి అంతా గడ్డిని కెలుకుతూ చురుకుగా తిరిగిన కోడి, జనవరి మాసపు ఉదయాన ఒక మూల ముడుచుకొని నిలబడితే ఏమనుకోవాలి? అది చలి ప్రభావమా, లేక జబ్బు చేసిందా? కోడి నోరు తెరిచి చెప్పలేదు. దాని శరీరమూ నడవడికా చెప్పే సంగతులను మనమే గ్రహించాలి. ఆ పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకొందాం.

కోడి తన జబ్బును దాస్తుంది

నక్క, గద్ద వంటి వేటాడే ప్రాణుల దృష్టి నీరసించిన పక్షిమీదనే ముందుగా పడుతుంది. తోటి కోళ్లు సైతం బలహీనమైన దానిని పొడిచి తరుముతాయి. అందువలన కోడి తన నీరసాన్ని చేతనైనంతవరకు కప్పిపుచ్చుతుంది. అది మన కంటబడేసరికి కోడి కొన్నాళ్లుగా బాధపడుతూ ఉండవచ్చు. కనుక "రేపు చూద్దాంలే" అని ఊరకుండరాదు.

చలికాలపు సహజమైన మార్పులు

డిసెంబరులో సైతం తెలుగునాట పగలు దాదాపు 11 గంటలు ఉంటుంది. లండనులో అది 8 గంటలకు కొంచెం తక్కువ. కోడి చక్కగా గుడ్లు పెట్టాలంటే రోజుకు సుమారు 14 గంటల వెలుగు కావాలి. కాబట్టి ఈ కాలంలో గుడ్లు తగ్గడం, కొన్నాళ్లు ఆగిపోవడం సహజం. గుడ్లు ఆగినప్పుడు తలమీది ఎర్రని జుట్టు కొంత పాలిపోతుంది. శరదృతువులో మొదలై, కొన్ని కోళ్లలో చలికాలం వరకు, పాత ఈకలు రాలి కొత్తవి మొలుస్తాయి.

ఈకలు ఉబ్బించుకోవడం కూడా సహజమే. కోడి శరీరపు వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఈకల నడుమ నిలిచిన గాలి ఆ వేడిని బయటకు పోనీయదు. మనం దుప్పటి కప్పుకొన్నట్లే కోడి తన ఈకలను కప్పుకొంటుంది.

మరి జబ్బును గుర్తించడం ఎట్లా? మేత గిన్నె చప్పుడు చేసి చూడండి. కేవలం చలికి ముడుచుకొన్న కోడి పరుగున వస్తుంది. జబ్బుపడిన కోడి తోక వాల్చి, కళ్లు సగం మూసి, కునుకుతూ అక్కడే నిలబడుతుంది.

వరుసగా ఐదు పరిశీలనలు

1. శ్వాస: దగ్గరకు పోకముందే దూరంనుండి చూడండి, వినండి. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, గురక, తుమ్ములు, కంట నీరు మంచి గుర్తులు కావు. గూటిలో రెట్ట పేరుకొని అమ్మోనియా ఘాటు కొట్టినా కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని కలుగుతుంది. చలి అని గూటిని పూర్తిగా మూయరాదు. పైభాగాన గాలి ఆడాలి.

2. జుట్టు: లేత రంగు సహజం కావచ్చు. నీలిరంగు, ఊదారంగు కనిపిస్తే అది ప్రమాద సూచన.

3. మేత సంచి: మెడ మొదట, ఎదకు కొంచెం కుడివైపున, తిన్న మేత ముందుగా చేరే సంచి ఉంటుంది. సాయంకాలం అది నిండుగా, తెల్లవారేసరికి ఖాళీగా ఉండాలి. ఉదయం కూడా గట్టిగా నిండి ఉంటే మేత దిగలేదన్నమాట. సాయంకాలమే ఖాళీగా ఉంటే కోడి తినలేదన్నమాట.

4. ఎద ఎముక, తోక క్రింది భాగం: ఈకల మాటున కోడి చిక్కిపోయినా కంటికి తెలియదు. ఎద మధ్య ఎముకను వ్రేలితో తాకి చూడాలి. అది కత్తి అంచువలె పదునుగా తగిలితే కోడి బరువు తగ్గింది. తోక క్రింద ఈకలను విడదీసి కోడిపేలు, వాటి గుడ్లు ఉన్నవేమో చూడాలి.

5. రెట్ట: గోధుమరంగు రెట్టమీద తెల్లని భాగం ఉండడం సహజం. రక్తం కనిపించడం, విడవకుండా నీళ్లగా పడడం సహజం కాదు.

చుక్కలపెట్ట ఉదాహరణ

ఒక పెరటిలో నాలుగు కోళ్లు ఉన్నాయనుకొందాం. వాటిలో చుక్కలపెట్ట ముడుచుకొని ఉన్నది. శ్వాస బాగున్నది. జుట్టు పాలిపోయినా నీలిరంగు లేదు. పేలు లేవు. రెట్ట కొద్దిగా, పచ్చగా ఉన్నది. ఎద ఎముక పదునుగా తగులుతున్నది. సాయంకాలం మేత సంచి ఖాళీగా ఉన్నది.

కోడి తినడం లేదని తేలింది. తినలేకపోతున్నదా? తిననీయడం లేదా? దానిని వెచ్చని గడ్డి పరిచిన వేరొక చోట ఉంచి మేత, నీరు పెట్టారు. చుక్కలపెట్ట ఆబగా తిన్నది! ఆ సాయంకాలం మేత సంచి నిండినది. ఇప్పుడు దృష్టి కోడినుండి పెరటివైపు మరలాలి. మరునాడు దానిని తిరిగి గుంపులో విడిచి చూడగా, ఉన్న ఒక్క మేత గిన్నె దగ్గర పెద్ద పెట్ట దానిని పొడిచి తరుముతున్నది.

వేసవిలో ఈ బాధ ఎందుకు బయటపడలేదు? లండనులో వేసవి పగలు 16 గంటలకు పైగా ఉంటుంది. మిగిలినవి తిని పోయిన తరువాత చుక్కలపెట్టకు వ్యవధి దొరికేది. కోళ్లు చీకటిలో మేయవు. చలికాలంలో 8 గంటలలోనే కడుపు నింపుకొని, 16 గంటల రాత్రి గడపాలి. ఆకలితో నిద్రించిన కోడికి శరీరపు వేడి నిలుపుకోవడం కష్టం. దీనికి తగిన ఉపాయం రెండవ మేత గిన్నె, రెండవ నీటి పాత్ర. అవి మొదటివాటికి కనబడనంత దూరంలో ఉండాలి. నీరు గడ్డకట్టకుండా ఉదయం, మధ్యాహ్నం కూడా చూసుకోవాలి, ఏలయన నీరు త్రాగని కోడి మేత కూడా తగ్గిస్తుంది.

విడిగా పెట్టినా తినకపోతే, తిన్నా చిక్కిపోతూ ఉంటే, పశువైద్యుని సలహా తప్పనిసరి.

గుర్తుంచుకోవలసిన నియమాలు

తెలుగునాట మిగిలిన అన్నం కోళ్లకు వేయడం అలవాటు. బ్రిటనులో వంటగదిలోనికి వెళ్లిన ఆహారాన్ని కోళ్లకు వేయడం చట్టవిరుద్ధం. పాలు, గుడ్లు, మాంసం వంటివి అసలు వాడని ఇళ్లకు మాత్రమే మినహాయింపు ఉన్నది. ఇంగ్లండు, వేల్సులలో 2024 అక్టోబరు 1 నుండి ఒక్క కోడిని పెంచినా ప్రభుత్వం వద్ద నమోదు చేయాలి.

తల వాచినా, జుట్టు నీలిరంగుకు మారినా, కోళ్లు హఠాత్తుగా చనిపోయినా, అది బర్డ్ ఫ్లూ కావచ్చు. అప్పుడు పిల్లలు కోళ్లను తాకరాదు. పెద్దలు వెంటనే యానిమల్ అండ్ ప్లాంట్ హెల్త్ ఏజెన్సీకి తెలియజేయాలి. మామూలు రోజులలోనైనా కోడిని పట్టుకొన్న తరువాత సబ్బుతో చేతులు కడుగుకోవాలి.

పదాల అర్థాలు

నడవడిక – ప్రవర్తించే తీరు
రెట్ట – పక్షి మలం
ఆబగా – అత్యాశతో, తొందరగా
వ్యవధి – సమయం, తీరిక
మినహాయింపు – నియమం వర్తించకపోవడం
ఏలయన – ఎందుకంటే

అభ్యాసం

1. చలికాలంలో కోడి గుడ్లు పెట్టకపోవడం జబ్బు అని ఎందుకు చెప్పలేము?
2. మేత సంచిని సాయంకాలం, ఉదయం రెండుసార్లు ఎందుకు చూడాలి?
3. చుక్కలపెట్టను విడిగా ఉంచడం వలన ఏ సంగతి తెలిసినది? అది విడిగా కూడా తినకపోయి ఉంటే మీరు ఏమి చేస్తారు?
4. మీ అమ్మమ్మను గాని, తాతయ్యను గాని అడిగి, వారి ఊరిలో జబ్బుపడిన కోడిని ఎట్లా గుర్తుపట్టేవారో ఐదు వాక్యాలలో వ్రాయండి.