ఎర్రర్‌లో పేరున్నవాడే దొంగా?

రాత్రి పదకొండుకి ఫ్యాక్టోరియో తెరిచారు. ఇనుప ఖనిజం తవ్వి, కరిగించి, బెల్టుల మీద పరుగులు పెట్టించి, ఆఖరికి రాకెట్ ఎగరేసే ఆట. ప్రాగ్ నగరంలో పుట్టింది. నిన్నటిదాకా 32 మాడ్‌లతో, అంటే ఆటకు అభిమానులు రాసే చేర్పులతో, బండి నల్లేరు మీద నడిచింది. ఇవాళ అన్నింటినీ ఒక్కసారే అప్‌డేట్ కొట్టారు. మెనూ కూడా రాలేదు, ఎర్రర్ పెట్టె వచ్చింది. ‘ఫలానా వస్తువు లేదు’ అంటోంది, కింద ఒక మాడ్ పేరు. చెయ్యి దాన్ని పీకెయ్యడానికే పోతుంది.

ఆగండి. ఆట మొదలయ్యే ముందు మాడ్‌లన్నీ ఒకే ఉమ్మడి పుస్తకంలో రాస్తాయి. ఒకటి కొత్త రేకును చేరుస్తుంది. రెండోది సంస్కరణ పేరుతో దాన్ని కొట్టేస్తుంది. మూడోది ఆ రేకుతో గేరు చేద్దామని వచ్చి, కనపడక కేకేస్తుంది. తెర మీద పడేది కేకేసినవాడి పేరే! అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఆఫీసులో రిపోర్టు ఆలస్యమైతే మెయిల్ పంపిన అమ్మాయికి చీవాట్లు పడతాయి, ఆమెకు అంకెలివ్వడానికి రెండు రోజులు తాత్సారం చేసిన పెద్దమనిషి హాయిగా టీ తాగుతుంటాడు.

కాబట్టి ముందు లాగ్ ఫైలు చదవండి. పొడుగ్గా ఉంటుంది, విసుగ్గానూ ఉంటుంది. అయినా ఏ మాడ్ ఏ వరసలో ఎక్కిందో, ఎక్కడ ఆగిందో అందులోనే ఉంటుంది. మనలో చాలామందిమి చదవకుండానే తీర్పు చెప్పేస్తాం. నేనూ అంతే, ఓ శనివారం రాత్రంతా అలాగే పోగొట్టుకున్నాను.

లాగ్‌లో తేలకపోతే సగాల పద్ధతి. ఒక్కొక్కటే ఆపి చూస్తే 31 సార్లు పట్టొచ్చు. 16 ఆపండి, తప్పు ఏ సగంలో ఉందో తెలుస్తుంది. తర్వాత 8, 4, 2, 1. అయిదు ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఒక మాడ్ మీద ఆధారపడినవాటిని మాత్రం దానితోపాటే ఉంచండి. అన్నీ ఒక్కసారే మార్చినందుకే ఇంత వెతుకులాట. జనవరి ఒకటిన కాఫీ మానేసి, అన్నం తగ్గించి, తెల్లారగట్ల అయిదింటికి లేచి, పరుగు కూడా మొదలుపెట్టినాయనకు పదో రోజు తల పగిలిపోతుంటే దేన్ని తప్పుపడతాడు? నాలుగూ ఒకేసారి మార్చాడాయె!

అసలు తిరకాసు వేరే ఉంది. రెండు సగాలూ విడివిడిగా చక్కగా నడుస్తాయి, కలిపితేనే కూలతాయి. అంటే దోషి ఒక్కడు కాదు, జంట. అప్పుడు ఒక సగాన్ని పూర్తిగా ఉంచి, రెండోదాన్ని విడగొడుతూ రండి. అక్కడి ముద్దాయి దొరికాక, దాన్ని పట్టుకుని మొదటి సగాన్ని విడగొట్టండి. మొత్తం పది ప్రయత్నాలు. ఇంత ఓపికగా వెతికితే దొరికేవి రెండూ మంచి మాడ్‌లే అయి ఉంటాయి.

ఇదంతా సేవ్ ఫైలుకు నకలు తీసుకున్నాకే చెయ్యండి. మాడ్ తీసేసి లోడ్ చేస్తే అది తెచ్చిన యంత్రాలు ఫ్యాక్టరీలోంచి మాయమవుతాయి. ఆ మీద సేవ్ కొట్టారో, ఇక అంతే సంగతులు.

ఇక మాడ్ రాసినవారికి చెప్పడం. ‘మీ మాడ్ చెత్త’ అంటే ఆయన చేసేదేమీ ఉండదు. ఆట వెర్షన్, లాగ్ ఫైలు, ఏ రెండు కలిస్తే కూలుతోందో రాసి పంపండి. చాలామంది ఉద్యోగం ముగించుకొచ్చి, పైసా తీసుకోకుండా చేస్తున్న పని ఇది. 2024 అక్టోబరులో ఆట 2.0 వెర్షన్ వచ్చినప్పుడు, 1.1 కోసం రాసినవి ఉన్నపళంగా నడవక, ఎందరో కూర్చుని సరిదిద్దుకోవాల్సి వచ్చింది.

సరిదిద్దడం కుదరని జంటలూ ఉంటాయి. అప్పుడు రచయిత తన మాడ్ వివరాల ఫైలులో రెండో మాడ్ పేరు ముందు ఒక ఆశ్చర్యార్థకం పెడతాడు. మేమిద్దరం ఒక కొంపలో ఉండలేమని దానర్థం. తిట్టూ ఉండదు, సంజాయిషీ ఉండదు. ఆట ఆ గుర్తు చూసి, రెండింటినీ కలిపి ఎక్కనివ్వదు.