అక్కడ వార్డులో ఇంటివాళ్లు ఉండరు

ప్రశ్న: మాది హైదరాబాద్‌ శాలిబండ. ఇంటర్ బైపీసీ అయింది. జర్మనీలో నర్సింగ్ శిక్షణకు వెళ్లాలనుంది. అక్కడి పద్ధతులకు అలవాటు పడగలనా?

జవాబు: చలి, తిండి సంగతి ఎలాగోలా సర్దుకుంటుందమ్మా. అసలు కొత్తదనం వార్డులో ఎదురవుతుంది. మన సర్కారు దవాఖానల్లో రోగికి ఒళ్లు తుడిచేది, జావ తాగించేది, బెడ్‌పాన్ పెట్టేది చాలావరకు వెంట వచ్చిన ఇంటివాళ్లో, ఆయాలో. జర్మనీలో అవి నర్సింగ్‌లో భాగం. 2020లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం మూడేళ్ల శిక్షణలో తరగతి 2,100 గంటలైతే, ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, రోగుల ఇళ్లలో పని 2,500 గంటలు. పరాయి ముసలాయన కట్టుడు పళ్లు కడగడం కూడా అందులోదే.

‘ఇంత చదివి ఆయా పనా?’ అంటారు చుట్టాలు. ఆ మాట సరికాదు. నడుము కింద పుండు పడబోయే ఎరుపు, కాళ్ల వాపు కంటబడేది ఒళ్లు తుడిచేటప్పుడే. భాషే అసలు అడ్డంకి అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, మామూలుగా బీ1 స్థాయైనా లేనిదే వీసా కష్టం. కానీ పరీక్షలో నెగ్గిన జర్మన్‌కూ, మతిమరుపు అవ్వ యాసలో అడిగే మంచినీళ్లకూ చాలా దూరం. అది తగ్గేదీ మంచం పక్కనే.

ఇక శుభ్రత కోసం వార్డులో ఉంగరాలు, వాచీ ఎవరికీ కుదరవు. లాడ్ బజార్ గాజులు పెట్టెలోనే. తలగుడ్డ నియమం సంస్థను బట్టి మారుతుంది, చర్చి ఆసుపత్రులు కాదనవచ్చు. ఒప్పందంపై సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి. ఏజెంటుకు డబ్బు కట్టేముందు విదేశీ ఉద్యోగాల వ్యవహారం చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో విచారించండి.